సగం తగ్గితే సరిపోదు

పుస్తకాన్ని కుదించడం ఎంత కష్టమో సంపాదకులకు తెలుసు. ఆ కష్టానికి విలువ కట్టిన తీర్పు ఒకటుంది. 1923 డిసెంబరులో, అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టైన ప్రీవీ కౌన్సిల్ తరఫున లార్డ్ అట్కిన్సన్ చెప్పిన మాక్‌మిలన్-కూపర్ తీర్పు అది. చట్టం కోసం కాకపోయినా, చదివే పద్ధతి నేర్చుకోవడానికైనా దాన్ని చూడాలి.

తగాదా బొంబాయిది. ప్లూటార్క్ రాసిన అలెగ్జాండర్ జీవితాన్ని సర్ థామస్ నార్త్ 16వ శతాబ్దంలోనే ఇంగ్లిష్ చేశాడు. అందులోంచి మాక్‌మిలన్ వాళ్లు బడిపిల్లలకు ఓ పుస్తకం వేస్తే, కూపర్ వాళ్లు దాదాపు అలాంటిదే తెచ్చారు. నార్త్ పాఠం సుమారు 40,000 మాటలు. మాక్‌మిలన్ పుస్తకంలో మిగిలినవి 20,000. సగం తగ్గింది కదా, కాపీరైట్ హక్కు ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. అట్కిన్సన్ లెక్క దగ్గర ఆగలేదు, వాక్యాల్లోకి దిగాడు. ఉన్నవన్నీ నార్త్ మాటలే. అక్కడొక భాగం, ఇక్కడొక భాగం ఎత్తి పేర్చారు. అతుకు కుదరని చోట ఒకటి రెండు మాటలు చేర్చారు. వదిలేసిన భాగాల సారం ఎక్కడా కలవలేదు. మొత్తం రచన భావం చెడకుండా చిన్న రూపంలోకి కొత్తగా పోతపోస్తేనే కుదింపు అన్నాడు. పాఠం మీద మాక్‌మిలన్‌కు హక్కు దక్కలేదు.

అదే పుస్తకంలోని నోట్స్‌ను మాత్రం ఆయన వేరుగా తూచాడు. ఏ మాటకు వివరణ కావాలో గుర్తించడానికీ, దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పడానికీ చదువూ అభిరుచీ ఉండాలి. ఆ నోట్స్‌కు హక్కుంది, కూపర్ వాళ్లు దాన్ని ఉల్లంఘించారని తేల్చాడు. ఒకే అట్టల మధ్య ఉన్న రెండు పనులను ఇంత ఓపికగా విడదీయడం నాకెంతో నచ్చింది.

ఈ చూపుకు మూలం పాతదే. మాథ్యూ హేల్ న్యాయగ్రంథాన్ని కుదించిన కేసులో, 1740 ప్రాంతంలో, ఇంగ్లండ్ న్యాయమూర్తి లార్డ్ హార్డ్‌విక్ నిజమైన కుదింపునూ దొంగతనాన్ని కప్పిపుచ్చే కత్తిరింపునూ వేరు చేశాడు. మొదటిది కొత్త పుస్తకమే, మూల ప్రచురణకర్త ఆపలేడన్నాడు. మన 1957 కాపీరైట్ చట్టం అంత ఉదారంగా లేదు. కుదింపును అనుసరణలో చేర్చి, ఆ హక్కును రచయిత చేతిలోనే పెట్టింది. అది న్యాయమే అనుకుంటాను. ఎంత బాగా కుదించినా పునాది రచయితదే.

హక్కు ఎవరిదన్నది తేలినా, పనిని తూచే పద్ధతికి కాలం చెల్లలేదు. కోర్టు తీర్పులు ప్రచురించే ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో మన సుప్రీంకోర్టు కూడా, తీర్పుల ప్రతుల్లో చేసిన మామూలు దిద్దుబాట్లకు హక్కు ఇవ్వలేదు. పేరాలు విడగొట్టి అంకెలు వేసిన పనికి మాత్రం ఇచ్చింది.