పింకర్టన్‌కి ఎన్ని నక్షత్రాలు?

మొన్న శుక్రవారం మొదటి ఆట ఇంకా వదల్లేదు, ఫోన్‌లో రెండుంబావు రేటింగ్ వచ్చేసింది. ఆ పావు ఏ పాటకో, ఏ ఫైటుకో! నక్షత్రాల మీద నా పాత పగ ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఆ పగకి నేనెప్పుడూ పిలిచే సాక్షి వీజర్ బ్యాండ్ రెండో ఆల్బమ్ 'పింకర్టన్'.

1996 సెప్టెంబర్‌లో వచ్చింది. 1994 నాటి నీలం అట్ట ఆల్బమ్ కుర్రకారుని ఊపేసింది కదా, రెండోదానికి బయటి నిర్మాత ఎందుకని వాళ్లే రికార్డు చేసుకున్నారు. గిటార్లు గీరుకుంటాయి, గొంతు పగులుతుంది. రోలింగ్ స్టోన్ పాఠకులు దాన్ని ఆ ఏటి చెత్త ఆల్బమ్‌ల్లో చేర్చారు. 2002లో అదే పత్రిక పాఠకులు సర్వకాల ఉత్తమాల్లో 16వ స్థానమిచ్చారు. 2004లో పత్రిక ఐదుకి ఐదూ ఇచ్చేసింది. నేను తొడగొట్టేది ఇక్కడే.

ఆ పేరుంది చూశారూ, అది పుచ్చీని ఒపేరా 'మదామా బటర్‌ఫ్లై'లో జపాన్ పిల్లని పెళ్లాడి వదిలేసిపోయే అమెరికా నావికాధికారిది. ఆ ఒపేరాకీ ఇదే గతి పట్టింది. 1904 ఫిబ్రవరి 17న మిలాన్‌లో, లా స్కాలాలో తొలి ఆట. తెల్లవారే ఘట్టంలో పక్షుల కూతలు పెట్టించారు. జనం ఊరుకుంటారా? జంతువుల అరుపులతో బదులిచ్చారు. పుచ్చీని ఒక్క ఆటతోనే దాన్ని వెనక్కి తీసుకున్నాడు. గంటన్నర సాగే రెండో అంకాన్ని రెండుగా విడగొట్టి, అక్కడక్కడా దిద్ది, మే 28న బ్రెషాలో వేశాడు. ఈసారి చప్పట్లు. అంటే ఆ అరుపుల్లో విషయముందనేగా! నా సాక్షి అడ్డం తిరిగాడు.

'పింకర్టన్'లోని 'ఎక్రాస్ ద సీ' పాట మళ్లీ పెట్టుకున్నాను. వీజర్ గాయకుడు రివర్స్ క్వోమో అప్పుడు హార్వర్డ్‌లో చదువుతూ, కాలి ఆపరేషన్‌తో కుంటుతున్నాడు. జపాన్ నుంచి ఓ అభిమాని ఉత్తరం రాసింది. ఒంటరివాడు, మురిసిపోయాడు, సరే. కానీ పాటలో అతని ఊహ ఆ ఉత్తరం దాటి ఆ పిల్ల గదిలోకి తొంగిచూస్తుంది. 1996లో మొహం తిప్పుకున్నవాళ్లలో కొందరికైనా ఇదే గుచ్చుకుని ఉంటుంది. ఐదు నక్షత్రాలవాళ్లు దానికి నిజాయితీ అని పేరుపెట్టి దాటిపోయారు.

క్వోమో కూడా 2001లో తన ఆల్బమ్‌ని తనే తిట్టిపోసుకుని, ఆకుపచ్చ అట్టతో బుద్ధిమంతుడి ఆల్బమ్ ఒకటి చేశాడు. అందులో గొంతు ఎక్కడా పగలదు, ఎవరి గదిలోకీ తొంగిచూడదు. దాన్ని నేను పూర్తిగా వినలేకపోతాను. 'పింకర్టన్' మాత్రం ఆ పాట దగ్గర చిరాకుపడుతూనే చివరిదాకా వింటాను. దీనికెన్ని నక్షత్రాలో మీరే వేసుకోండి.