చిటికెడు మెగ్నీషియం

మా కొండాపూర్‌లో రోడ్డు తవ్వినప్పుడల్లా నా కళ్లు పైపుల మీదికే పోతాయి. ఫౌండ్రీల చుట్టూ తిరిగినవాడికి ఆ జబ్బు తప్పదు. పక్కన దింపిన నల్లటి నీటి పైపులు పోత ఇనుమువే, అయినా సమ్మెట దెబ్బకు పెంకుల్లా పగలవు. వాటిని డక్టైల్ ఐరన్ పైపులంటారు. మన శ్రీకాళహస్తి దగ్గర పోస్తారు.

మామూలు పోత ఇనుములో మూడు, మూడున్నర శాతం కార్బన్ ఉంటుంది. చల్లారేటప్పుడు అది గ్రాఫైట్ రేకులుగా విడిపోతుంది. రేకు అంచు పదును. లాగితే పగులు అక్కడే పుట్టి పక్క రేకుకు పాకుతుంది. మెగ్నీషియం పడిందంటే అదే కార్బన్ గుండ్రటి పూసలు కడుతుంది. వంద కిలోల ఇనుములో చివరికి మిగలాల్సింది 30 నుంచి 50 గ్రాములు, అంతే. ఆ కాస్తకే పైపు 420 మెగాపాస్కల్స్ లాగుడును తట్టుకుంటుంది, తెగేలోపు పది శాతం దాకా సాగుతుంది. మామూలు పోత ఇనుము ఒక్క శాతం సాగడమే గగనం. 1940లలో అమెరికాలో కీత్ మిల్లిస్ పట్టుకున్న కిటుకిది.

కిటుకు తెలిస్తే సరిపోదు. మెగ్నీషియం 1090 డిగ్రీలకే మరుగుతుంది, కరిగిన ఇనుమేమో 1400 పైన ఉంటుంది. కరిగిన ఇనుము పట్టే లేడిల్ అడుగున దాన్ని పెట్టి, ఉక్కు ముక్కలు కప్పి, పైన ఇనుము పోస్తే కళ్లు చెదిరే తెల్లటి మంట. గంధకం ఉంటే ముందు అదే మెగ్నీషియాన్ని మింగేస్తుంది. మిగిలిందీ నిమిషాల్లో తరిగిపోతుంది. అచ్చులు సిద్ధంగా లేక లేడిల్ నిలిచిపోయిందా, మళ్లీ రేకులే.

ఎంత కలిపితే అంత గట్టి అనేవాళ్లతో నాకు పేచీ. రాగి కొంచెం వేస్తే బలం పెరుగుతుంది, సాగుడు తగ్గుతుంది. క్రోమియం కార్బన్‌ను గ్రాఫైట్ కానివ్వదు, గట్టి, పెళుసు కార్బైడ్‌గా కట్టేస్తుంది. సిమెంటు మిల్లులో క్లింకర్ నూరే గుండ్లకు కావలసింది అదే, పైపుకు చేటు చేసేదీ అదే. స్క్రాప్ కుప్పలో ఏముందో చూడని ఫౌండ్రీని అందుకే నమ్మను.

ఏం కలుస్తోందో చూసుకోవడం కొత్త సంగతేం కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు కాచేవారు. వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాసిపెట్టిన వివరం 1832లో అచ్చయింది: మిర్తపల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు. ఆ కొండాపూర్ మా ఐటీ కొండాపూర్ కాదు లెండి, అదే పేరున్న వేరే ఊరు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు సరుకు తయారయ్యాక కొనుక్కుపోయే రకం కాదు. పాళ్లు తూచేటప్పుడే పక్కన నిలబడేవాడు.