గట్టిమేళం దగ్గర కోత

కాచిగూడ రైల్వేస్టేషన్‌ను 1916లో కట్టారు. ఆ చుట్టుపక్కల ఇల్లున్నవాళ్లకు జె-కట్ అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. రైలు కనపడకముందే కూత వినపడుతుంది. ఎడిటర్ చేసేదీ అదే: రాబోయే దృశ్యపు శబ్దాన్ని ముందు పంపి, బొమ్మను వెనక తెస్తాడు. బొమ్మ మారినా పాత శబ్దం ఇంకా సాగుతుంటే ఎల్-కట్. టైమ్‌లైన్ మీద ఆ ముక్కలు ఆ ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపిస్తాయి, అంతే.

కాచిగూడ తారకరామ థియేటర్లో చూసొచ్చిన సినిమాకు ఎడిటర్ ఎవరో మనకు గుర్తుండదు. ‘బాహుబలి’కి కోటగిరి వెంకటేశ్వరరావు, ‘ఆర్ఆర్ఆర్’కి శ్రీకర్ ప్రసాద్ అని ఎంతమంది చెప్పగలరు? ఇక పెళ్లి వీడియో ఎడిటర్ పేరు ఎవరడుగుతారు! నా ఓటు మాత్రం అతనికే. సినిమావాళ్లకు రీటేక్ ఉంటుంది. తాళి రెండోసారి కట్టరు.

మూడు కెమెరాలు, గంటలకొద్దీ ఫుటేజ్. క్లాప్ బోర్డు లేదు. అయితేనేం, గట్టిమేళం ఉంది కదా. మూడు ఆడియో ట్రాకుల్లోనూ ఆ డోలు దెబ్బ ఒక్కసారిగా ఎగిసిన చోటు పట్టుకుని సింక్ చేస్తాడు. సెకనుకు 25 ఫ్రేములు; నాలుగైదు తప్పాయా, దెబ్బ ఒకచోట, చెయ్యి ఒకచోట.

తలంబ్రాల వేళ సరిగ్గా లెన్సుకు ఎవరో బాబాయి వీపు అడ్డం. వెంటనే పెళ్లికూతురి తల్లి ముఖానికి కట్. దీన్ని కట్‌అవే అంటారు. నిజానికి ఆవిడ కళ్లు తుడుచుకున్నది అంతకుముందెప్పుడో, కన్యాదానం దగ్గర. ఆ సంగతి ఆవిడకూ గుర్తుండదు. టీవీ ముందు కూర్చుని మళ్లీ కొంగు అందుకుంటుంది.