తీగ తిప్పే పని

దీపావళి వెళ్లగానే చిలగడదుంప తీగలు నాటితే శివరాత్రి ఉపవాసానికి పెరటి గడ్డే ఉడకేసుకోవచ్చు. పంటకాలం 90 నుంచి 120 రోజులు. విత్తనంతో పని లేదు. జానెడు కొస తీగ, మూడు నాలుగు కణుపులున్నది చాలు. నడుమ భాగం బోదె మట్టిలో కప్పి, రెండు కొసలూ బయటికి వదలాలి. శ్రీకార్యంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఇచ్చిన భూ సోనా రకం తీగ దొరికితే వదలొద్దు. కాషాయం రంగు కండ, నిండా బీటా కెరోటిన్. పిల్లలున్న ఇంటికి అంతకు మించిన గడ్డ లేదు.

అసలు పని నెల దాటాక మొదలవుతుంది. తీగ బోదె దిగి నేలంతా అల్లుకుంటుంది, చూడ్డానికి కన్నులపండువే. కానీ మట్టి తగిలిన ప్రతి కణుపూ వేరు దించుతుంది. ఆ వేళ్లూ గడ్డ కట్టబోతాయి, వేలి లావు దాటక అక్కడే ఆగిపోతాయి. మొదలు దగ్గర ఊరాల్సిన గడ్డ బలం ఇలా చీలిపోతుంది. అందుకే తీగ తిప్పాలి. వంగి, రెండు చేతులతో మెల్లగా ఎత్తితే సన్నవేళ్లు ఒక్కొక్కటే పుటుక్కుమని మట్టిని వదలడం చేతికి తెలుస్తుంది. పెరట్లో నాకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు. ఎత్తిన తీగను తెగకుండా మళ్లీ బోదె మీదికే వేయాలి.

ఆకు చూసి మురిసి ఇంకో గంప పేడ ఎరువు పోసేవాళ్లను ఆపాలనిపిస్తుంది. నత్రజని ఎక్కువైతే పెరిగేది తీగే, గడ్డ కాదు.

గడ్డ ఊరేకొద్దీ బోదె పగుళ్లిస్తుంది. ముక్కుపురుగుకు అదే దారి. అది తొలిచిన గడ్డ ఎంత ఉడికించినా చేదు పోదు. పగులు కనిపించిన రోజే మట్టి ఎగదోయాలి. మందు జోలికి పోకుండా పెరట్లో చేయగలిగిన మేలైన కాపుదల ఇదే.

ఆకు పసుపు తిరిగాక ఒక గడ్డ తవ్వి, కోసి చూడండి. కోత మీద పాలు తెల్లగా ఆరితే పక్వానికొచ్చినట్టు. ముదురు ఆకుపచ్చగా మారితే ఇంకొన్నాళ్లు ఆగాలి. తవ్విన గడ్డలను వారం నీడన ఉంచితే తీపి పెరుగుతుంది. ఈలోగా ఆరోగ్యంగా ఉన్న కొస తీగలు ఏరి వేరే మడిలో గుచ్చుకోండి. పురుగు పడ్డ మొక్క తీగ మాత్రం ఒక్కటి కూడా వద్దు.