వదిలేసిన బరువు ఎవరు మోస్తారు?

పీటర్ మథీసన్ రాసిన 'ది స్నో లెపర్డ్' (1978) గురించి ఎవరు మాట్లాడినా మూడు విషయాలు తప్పకుండా వస్తాయి: హిమాలయాలు, జెన్ బౌద్ధం, చివరిదాకా రచయిత కంటపడని మంచు చిరుత. ఈ మధ్య రెండోసారి చదివినప్పుడు మాత్రం వీటన్నిటికన్నా నాకు పెద్దగా కనిపించింది బరువు. ఎవరి మూట ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న ఈ పుస్తకంలో ప్రతి కనుమ దగ్గరా ఎదురవుతుంది.

కథ క్లుప్తంగా ఇదీ. 1973 సెప్టెంబరు చివర్లో మథీసన్, జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్‌తో కలిసి పోఖరా నుంచి నడక మొదలుపెడతాడు. వెళ్ళాల్సింది నేపాల్ వాయవ్యాన డోల్పోలో ఉన్న షే గోంపాకి. అక్కడ భరల్ అనే కొండజంతువులు ఉంటాయి. వాటిని నీలి గొర్రెలంటారు గానీ అవి గొర్రెకి దగ్గరా మేకకి దగ్గరా అన్నది షాలర్ తేల్చుకోవాలి. అది తెలియాలంటే అవి జతకట్టే కాలంలో, అంటే చలికాలం మొదట్లో, చూడాలి. అందుకే మంచు పడి కనుమలు మూసుకుపోయే రోజుల్లోనే వీళ్ళు పైకి ఎక్కక తప్పదు. మథీసన్ వెళ్ళడానికి ఇంకో కారణం ఉంది. భార్య డెబొరా 1972 మొదట్లో కేన్సర్‌తో చనిపోయింది. ఆ దుఃఖం ఒకవైపు, జెన్ సాధన ఒకవైపు. ఇంటి దగ్గర ఎనిమిదేళ్ళ కొడుకు అలెక్స్.

పుస్తకానికి ప్రాణం పోసింది దినచర్య రూపం అని నా నమ్మకం. షే గోంపాకి ముందు కాంగ్ లా అనే కనుమ దాటాలి. పదిహేడు వేల అడుగుల పైమాటే. ఆ ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో ఉన్నదానికి సగం కంటే కాస్తే ఎక్కువ. ఎండెక్కితే మంచు మెత్తబడుతుంది, మూట ఉన్నవాడు ఇంకా లోతుకి దిగబడతాడు. ఆ పేజీల్లో మథీసన్‌కి ఆలోచించే తీరిక ఉండదు. బూటు, మంచు, తర్వాతి అడుగు, అంతే. అంతకుముందు ఫొక్సుండో సరస్సు మీదుగా సాగే సన్నటి అంచుదారిలో ఆయన చేతులూ మోకాళ్ళ మీద పాకుతాడు. అదే దారిన రింగ్మో ఊరివాళ్ళు మూటలతో, కబుర్లు చెప్పుకుంటూ దాటిపోతారు. తన భయాన్నీ వాళ్ళ తేలికదనాన్నీ పక్కపక్కనే పెట్టి ఊరుకుంటాడు. వ్యాఖ్యానం అక్కర్లేదు కూడా.

ఈ పేజీలను నమ్మడానికి నాకు చిన్న ఆధారం ఉంది. మూడేళ్ళ కిందట హిమాచల్‌లో హంప్టా కనుమ దాటాను. 4,270 మీటర్లు, కాంగ్ లా ముందు పిల్లకొండ. బాలూ కా ఘేరా నుంచి షియా గోరు దాకా ఆ ట్రెక్ మొత్తంలో అదే పెద్ద రోజు. కులూ వైపు పచ్చగా ఎక్కి, లాహౌల్ వైపు బూడిదరంగు రాళ్ళలోకి దిగుతాం. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళని చంపుతుంది. మధ్యాహ్నానికి బుర్రలో జీవితసత్యాలేమీ మిగలవు, కాలు ఏ రాయి మీద పెట్టాలన్నది తప్ప. నా పెద్ద సంచీ మాత్రం కంచరగాడిద మీద వచ్చింది.

అందుకే మథీసన్ సాయంత్రం గుడారంలో కూర్చుని బౌద్ధ చరిత్ర ఎత్తుకున్నప్పుడల్లా నాకు పట్టు సడలినట్టు అనిపించింది. అవి తెలివైన పేజీలే, కానీ కాళ్ళ నుంచి వచ్చినవి కావు. ఇంకా ఇబ్బంది పెట్టేది, ఆ పేజీలు పదేపదే చెప్పేది వదిలేయమని: కోరిక వదిలెయ్యి, పట్టు వదిలెయ్యి. సరే, వదిలేసిన బరువు ఎక్కడికి పోతుంది? గుడారాలూ తిండిగింజలూ కూలీల వీపు మీదికి పోతాయి. కొడుకు ఎవరో ఒకరి సంరక్షణలోకి పోతాడు. థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంటికి వచ్చేస్తానని అలెక్స్‌కి ఇచ్చిన మాట నిలబడదు. తుక్తెన్ అనే మోతగాడిలో మథీసన్‌కి గురువు కనిపిస్తాడు. అందమైన ఊహే. కానీ మూట మోసే మనిషిని గురువుని చేసేస్తే, అతని కూలీ గురించీ కాళ్ళ గురించీ అడగాల్సిన ప్రశ్నలు పక్కకి తప్పుకుంటాయి.

ఇదే ప్రయాణం గురించి షాలర్ 'స్టోన్స్ ఆఫ్ సైలెన్స్' (1980)లో రాశాడు. అక్కడ భరల్ ఏం చేసింది, ఎన్ని కనిపించాయి అన్నవే ముఖ్యం. ఆ పొడిదనం ఒక్కోసారి హాయిగా ఉంటుంది. కానీ కనుమ దాటుతున్న మనిషి లోపల ఏమవుతోందో తెలియాలంటే మళ్ళీ మథీసన్ దగ్గరికే రావాలి.

రోజువారీ యాత్రారచన మనకి కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి పల్లకీ బోయీలతో, పెద్ద పరివారంతో బయల్దేరి మజిలీ తర్వాత మజిలీ రాసుకుంటూ పోయాడు. ఇప్పుడు వస్తున్న తెలుగు ట్రెక్కింగ్ వ్యాసాల్లో కూడా కిలోమీటర్లు, ఎత్తులు, టిఫిన్లు అన్నీ ఉంటాయి. వాటిని సర్వర్ లాగ్‌లా ఉన్నాయని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. లాగ్‌లో నిజం ఉంటుంది. లేనిదల్లా మోసినవాళ్ళే. వంటవాడు 'భయ్యా'గా ఒక్క వాక్యంలో వచ్చి పోతాడు. శిఖరం ముందు ఫోటోలో అతను ఉండడు.

మథీసన్ పుస్తకానికి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది, తత్వచింతన కోసం చదివేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను మాత్రం ఇంకోందుకు చదవమంటాను. తనకి లాభం లేని విషయాలు కూడా ఆయన కొట్టెయ్యలేదు: కూలీల మీద విసుగు, కొడుక్కి తప్పిన మాట, ఖాట్మండు చేరాక కలుద్దామనుకున్న చోట తుక్తెన్ కనిపించకపోవడం. ఈ లెక్కలు ఆయన తేల్చలేదు. తేల్చానని బుకాయించలేదు కూడా. ఏ రోజు బాకీ ఆ రోజు పేజీలో అలాగే ఉంది. మన యాత్రా వ్యాసాలు ఆయన దగ్గర నేర్చుకోదగ్గది జెన్ కాదు, ఈ ఖాతా రాసే పద్ధతి.