నవ్వు వినబడాలంటే నలుగురు కావాలి

సినిమాలో నవ్వించడానికి ముఖం ఉంది, వంకర నడక ఉంది, జారిపడటానికి అరటితొక్క ఉంది. రేడియోకు గొంతు తప్ప ఏమీ లేదు. ఆ ఒక్క గొంతుతోనే వంటింట్లో పప్పు రుబ్బుతున్న అమ్మనూ, అరుగు మీద చుట్ట కాలుస్తున్న తాతనూ ఒకేసారి నవ్వించిన మహానుభావులు మన తెలుగులో ఉన్నారు. వాళ్ల పనితనం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇంత గొప్ప విద్యను ఇంత తేలిగ్గా ఎలా వదిలేశామా అని కడుపు తరుక్కుపోతుంది.

మా నాందేడ్ జిల్లాలో, ముఖ్యంగా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. బడిలో మరాఠీ, బజారులో మరాఠీ, హిందీ, గడప లోపల తెలుగు. తెలుగు పత్రిక చేరని ఊరికి కూడా మీడియం వేవ్ మీద హైదరాబాదు చేరేది. రాత్రిపూట అదృష్టం బాగుంటే విజయవాడ కూడా పలికేది. మా వైపు తెలుగు నిలిచిందంటే అందులో రేడియో వాటా చిన్నది కాదు. రేడియో అందించిన వాటిలో జనం నోళ్లలో నానింది ఎక్కువగా హాస్యమే.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1956 దాకా నాందేడ్ హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆ రాష్ట్రంలో తొలి రేడియోను మహబూబ్ అలీ అనే ఆయన 1930ల మొదట్లో చిరాగ్ అలీ గల్లీలో సొంతంగా పెట్టాడంటారు. 1935లో అది నిజాం ప్రభుత్వం చేతికి వెళ్లి దక్కన్ రేడియో అయింది, 1950లో ఆకాశవాణిలో కలిసింది. అటు మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. మన గడ్డ మీద మొదటి రేడియో ఒక మనిషి సొంత పూనికతో పుట్టింది, అది గుర్తుంచుకుంటే చాలు.

అసలు సంగతి పనితనం. రేడియో హాస్యం ఒక్కడి వల్ల అయ్యేది కాదు. రాసేవాడు, నడిపించేవాడు, గొంతులిచ్చేవాళ్లు, చప్పుళ్లు చేసేవాడు అందరూ ఒక్క ఊపిరి మీద ఉండాలి. గొంతుల ఎంపికలోనే సగం నాటిక గెలుస్తుంది. ఇద్దరి గొంతులూ ఒకే శ్రుతిలో ఉంటే ఎవరు ఎవరో తెలియక వినేవాడు తికమకపడతాడు. అందుకే ఒకటి బొంగురు అయితే ఇంకొకటి కీచు, ఒకరిది సాగదీత అయితే ఇంకొకరిది గుక్క తిప్పుకోని వాగ్ధాటి. కాగితం చప్పుడు మైకులో పడకూడదని స్క్రిప్టుకు గుచ్చిన పిన్ను తీసేసి, చదివిన పుటను చదివినట్టే పక్కకు జారవిడిచేవారు.

పాత స్టూడియోల్లోని రిబ్బన్ మైకు ముందు నుంచీ, వెనక నుంచీ వింటుంది. పక్కల నుంచి వచ్చే గొంతు దానికి దాదాపు పట్టదు. అందుకే నటులు దానికి అటొకరు, ఇటొకరు ఎదురెదురుగా నిలబడేవారు. అలిగి వెళ్లిపోయే అల్లుడు నిజంగా ఎక్కడికీ పోడు, మాట్లాడుతూనే కాస్త పక్కకు జరుగుతాడు. వినేవాడికి మాత్రం అతను గుమ్మం దాటి, వాకిలి దాటి, వీధి మలుపు తిరిగినట్టే ఉంటుంది. ఆ అడుగు ఎప్పుడు వెయ్యాలో, ఏ మాట మీద వెయ్యాలో తెలిసినవాడే నటుడు.

పిసినారి మామ ఇంటికి అల్లుడొచ్చాడనుకోండి. మైకు వంటింట్లో ఉన్నట్టు లెక్క. మామ ముఖం పక్కకు తిప్పి, "అల్లుడుగారూ, చాయ్ వచ్చేస్తోంది!" అని కేక వేస్తాడు. వెంటనే మైకు దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి భార్యతో, "పాలు విరిగాయని చెప్పు" అంటాడు. దూరం నుంచి అల్లుడి గొంతు: "పాలెందుకులే మామయ్యా, డికాషన్ చాలు." ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత చక్కెర డబ్బా మూత టప్పున మూసిన చప్పుడు. ఆ మూత పడగానే ఇల్లంతా ఘొల్లుమంటుంది. ఇందులో తిట్టు లేదు, వెకిలి లేదు. మూడు గొంతు దూరాలు, ఒక విరామం, ఒక డబ్బా మూత మాత్రమే ఉన్నాయి. ఆ విరామం అర క్షణం పెరిగితే నవ్వు చస్తుంది, తగ్గితే పుట్టనే పుట్టదు. కొబ్బరి చిప్పలతో గుర్రాన్ని పరిగెత్తించి, కంకర పోసిన పెట్టెలో నడిచి పాత్రను ఊరు దాటించిన ఆ చప్పుళ్ల మనిషికి మనం ఒక్క సన్మానమైనా చేశామా?

ఇక మహామహుల సంగతి. చూపు కోల్పోయినా రచన మానక ఆంధ్ర మిల్టన్ అనిపించుకున్న చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గణపతి' విజయవాడ కేంద్రం చేతిలో పడి మళ్లీ పుట్టింది. ఆ తిండిపోతును, ఆ అల్లరి గణపతిని నండూరి సుబ్బారావు గారు పలికిన తీరుకు సాటి లేదు. మాట నములుతుంటేనే నోట్లో గారె ఉన్నట్టు అనిపించేది. అదే కేంద్రంలో మరో గొప్ప గొంతు సి. రామమోహనరావు గారిది. హైదరాబాదు వాళ్లు నొచ్చుకున్నా సరే, శ్రవ్య నాటకంలో విజయవాడే మేటి, ఈ మాట నేను వెనక్కి తీసుకోను. అయితే కాంతం కథల మునిమాణిక్యం నరసింహారావు గారిని తన గూటికి చేర్చుకున్న ఘనత హైదరాబాదుదే. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు అనే పేర్లను ఇంటి మనుషుల పేర్లు చేసిన ఘనతా దానిదే.

బృందమంతా ఒకే గొంతులో ఇమిడిన అద్భుతం మన ఓరుగల్లులో జరిగింది. నేరెళ్ల వేణుమాధవ్ గారు (1932–2018) ధ్వన్యనుకరణ సామ్రాట్టు. హాలీవుడ్ సినిమాల సౌండ్ ట్రాకును మాటలు, సంగీతం, గుర్రపు డెక్కలు సహా ఒక్కడే వినిపించేవారు. 1971లో న్యూయార్కు వెళ్లి ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. నన్నడిగితే అది ఆయన విద్యకు చాలా చిన్న బిరుదు.

మా మరాఠీ సోదరులకూ ఇలాంటి సంపద ఉంది. ముంబై ఆకాశవాణి 'పున్హా ప్రపంచ్'లో టేకాడే భావజీగా బాళ్ కుడతర్కర్, మీనా వహినిగా నీలమ్ ప్రభు, పంత్‌గా ప్రభాకర్ జోశీ, ఈ ముగ్గురే ఒక సంసారాన్నంతా నిలబెట్టారు. బ్రిటన్‌లో 1951 నుంచి 1960 దాకా నడిచిన 'గూన్ షో'లో స్పైక్ మిలిగన్, పీటర్ సెల్లర్స్, హ్యారీ సీకూంబ్ చేసిన వింతలు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. సరైన చప్పుడు కోసం మిలిగన్ మేజోడు నిండా కస్టర్డ్ పోసి గోడకేసి కొట్టాడట! అమెరికాలో 1966లో లాస్ ఏంజెలెస్‌లోని కేపీఎఫ్‌కే రేడియోలో మొదలైన ఫైర్‌సైన్ థియేటర్ నలుగురు మిత్రుల కూటమి. నలుగురూ కలిసి రాశారు, నలుగురూ కలిసి పలికారు. బీబీసీ అయితే బయటి చిన్న సంస్థల దగ్గర కూడా హాస్యం చేయించుకుంటుంది. 2004లో 'హిచ్‌హైకర్స్ గైడ్' కొత్త భాగాలను తయారుచేసింది ఎబవ్ ది టైటిల్ అనే స్వతంత్ర సంస్థే. అంటే నవ్వించే నలుగురు ఒక జట్టుగా ఏర్పడి, సొంతంగా తయారుచేసి, రేడియోకు అందించవచ్చు. అక్కడ జరిగినది ఇక్కడెందుకు జరగదు?

ఇక్కడ రేడియోలో జరుగుతున్నది చూస్తే రక్తం మరుగుతుంది. ఎవరో అమాయకుడికి ఫోను చేసి, బ్యాంకు వాళ్లమనో పోలీసులమనో బెదరగొట్టి, అతను ఏడుపు గొంతుతో బతిమాలుతుంటే దానికి హాస్యమని పేరు పెడుతున్నారు. అది హాస్యమా, హింసా? సినిమా డైలాగు ముక్కలు కోసి అతికించి, మధ్యమధ్య ముందే రికార్డు చేసి పెట్టిన డబ్బా నవ్వు పోస్తున్నారు. వినేవాడు నవ్వడన్న భయం ఉన్నవాడికే ఆ డబ్బా కావాలి. సుబ్బారావు గారికి అక్కర్లేకపోయింది. పక్క పాత్ర తత్తరపాటే ఆ రోజుల్లో నవ్వు ఎక్కడ రావాలో చెప్పేది.

అన్నిటికంటే నన్ను మండించేది యాసను ఎగతాళి చెయ్యడం. సరిహద్దు ఊళ్ల తెలుగు, మరాఠీ కలిసిన మా తెలుగు, తెలంగాణ పల్లె తెలుగు వినబడితే చాలు, మాట్లాడినవాడు తెలివితక్కువవాడన్నట్టు చూపిస్తారు. మంచి హాస్యగాడు యాసలోని మెలికను పట్టి మనిషి తెలివిని చూపిస్తాడు. చేతకానివాడు యాసనే జోకుగా అమ్ముకుంటాడు. మా అమ్మమ్మల భాషను అలా బజారులో పెట్టేవాళ్లను కళాకారులంటే నేను ఒప్పుకోను.

పాత టేపుల గతి ఇంకా బాధాకరం. టేపు ఖరీదని పాతవి చెరిపి మీద కొత్తవి రికార్డు చేసిన రోజులున్నాయి. ఆడిషన్లు గెలిచి, బి నుంచి బి హైకి, అక్కడ నుంచి ఏ గ్రేడుకు ఏళ్ల తరబడి ఎక్కిన డ్రామా కళాకారులు ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది గొంతు ఈ రోజు ఎక్కడా దొరకదు.

అయినా దారి మూసుకుపోలేదు. జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియోను తమ ఊరి తెలుగులోనే నడుపుతున్నారు. మైకు పట్టడానికి డిగ్రీలు అక్కర్లేదని వాళ్లు రుజువు చేశారు. నాందేడ్‌లో ఆకాశవాణి ఎఫ్ఎం ఉంది, స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం ఉంది, రెండు భాషల్లోనూ జోకు వెయ్యగల యువత ఊరూరా ఉంది. రాసేవాడొకడు, ఇద్దరు ముగ్గురు గొంతులు, చప్పుళ్లకొకరు కలిస్తే జట్టు సిద్ధం. ఖర్చు పెద్దగా ఉండదు, కావలసింది సాధన. ముందుగా దొరికిన పాత నాటికలు కూర్చుని వినండి. విరామం ఎక్కడ పెట్టారో, అడుగు ఎక్కడ పక్కకు వేశారో గమనించండి. తర్వాత మీ వీధి మనుషుల మీద, మీ యాసలో పావుగంట నాటిక రాయండి.

తెలుగు సంఘాల పెద్దలకు నా విన్నపం ఇదే. ఉగాదికి సినిమా పాటల ఆర్కెస్ట్రాకు పెట్టే డబ్బులో కొంత ఇలాంటి జట్టుకు ఇవ్వండి. ఆకాశవాణి అధికారులూ, మిగిలిన టేపులన్నీ డిజిటల్ చేసి జనానికి వినిపించండి, సరిహద్దు తెలుగు హాస్యానికి వారానికి ఒక్క పావుగంట కేటాయించండి. ఇంట్లో పాత క్యాసెట్లున్న వాళ్లారా, వాటిని తుక్కు బండికి వెయ్యకండి. ఆ పాత మేటి గొంతులు విన్నవాళ్లు ఇంకా మన మధ్య ఉండగానే కొత్త గొంతులు తయారవ్వాలి. బాగుందో లేదో చెప్పగల చెవులు వాళ్ల దగ్గరే ఉన్నాయి.