జ్యోతినగర్ బడులు: సమానత్వం, సమన్యాయం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
దేశాల విద్యావ్యవస్థలను సగటు మార్కులతో పోల్చే పద్ధతి ఒకే దేశంలోని అంతరాలను మరుగుపరుస్తుంది. రామగుండం పారిశ్రామిక ప్రాంతంలోని జ్యోతినగర్ ఆధారంగా, బడిలోపలి సమానత్వం బడి ప్రవేశంలోని అసమన్యాయాన్ని తొలగించలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సమానత్వం, సమన్యాయం, జ్యోతినగర్, విద్యాహక్కు చట్టం, పొరుగుబడి.

1. ఉపోద్ఘాతం:
అందరికీ ఒకే కొలతతో ఇవ్వడం సమానత్వం. ఎవరి అవసరాన్ని బట్టి వారికి అందించి, అందరినీ నేర్వగల స్థితికి చేర్చడం సమన్యాయం. విద్యాచర్చల్లో ఈ రెండు పదాలూ తరచు పర్యాయపదాలుగా చెలామణి అవుతున్నాయి. జ్యోతినగర్ వంటి చోట వాటి భేదం స్పష్టమవుతుంది.

2. ఒకే ప్రాంతం – పలు వ్యవస్థలు:
1978లో శంకుస్థాపన జరిగిన రామగుండం ఎన్‌టీపీసీ విద్యుత్కేంద్రం ఉద్యోగుల నివాసంగా జ్యోతినగర్ రూపొందింది. పొరుగున ఉన్న గోదావరిఖని సింగరేణి గనుల పట్టణం. కేంద్రీయ విద్యాలయం, రాష్ట్రప్రభుత్వ బడులు, సింగరేణి విద్యాసంస్థలు, ప్రైవేటు పాఠశాలలు ఈ ప్రాంతంలోనే పక్కపక్కన నడుస్తున్నాయి. ప్రాజెక్టు రంగ కేంద్రీయ విద్యాలయాల ప్రవేశాల్లో ప్రాయోజక సంస్థ ఉద్యోగుల పిల్లలకు మొదటి ప్రాధాన్యం ఉంటుంది. అదే ప్లాంటులో చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికుడు ఆ సంస్థ ఉద్యోగి కాడు. కనుక తండ్రి ఉద్యోగ స్వభావమే బిడ్డ బడిని నిర్ణయిస్తుంది. సంస్థ తన సొమ్ముతో తన సిబ్బంది పిల్లలను చదివించుకోవడంలో తప్పేమిటన్న వాదం ఉంది. అయితే ఆ కేంద్రానికి ఆధారమైన భూమి, గోదావరి నీరు, బొగ్గు ప్రజలందరివన్న సంగతిని ఈ వాదం విస్మరిస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2022–23 నుంచి తన బడుల్లో 1–8 తరగతులకు ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెట్టింది. ఇది సమానత్వ చర్య. మాధ్యమం ఒకటైనా, ఇంటి దగ్గర పాఠం చెప్పగలవారు అందరికీ లేరు. ఆ లోటును పూడ్చే అదనపు బోధనే సమన్యాయం.

3. చట్టం – పరిమితి:
2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ప్రైవేటు బడులతోపాటు కేంద్రీయ విద్యాలయాల వంటి నిర్దిష్ట వర్గపు బడులలోనూ, ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లను బలహీన, అననుకూల వర్గాలకు కేటాయించాలంటుంది. ఈ నిబంధన అంతస్తులను యథాతథంగా ఉంచి, కొందరిని పై అంతస్తుకు చేరుస్తుంది. కొఠారీ కమిషన్ (1964–66) సూచించిన ఉమ్మడి పాఠశాల, పొరుగుబడి భావనలు అంతస్తులనే ప్రశ్నించాయి.

4. ఇతర దేశాలు:
ఫిన్లాండ్ పిల్లలను దాదాపు పదకొండో ఏట రెండు దారులుగా విడదీసే పాత విధానాన్ని వదిలి, 1972–77 మధ్య దేశమంతటా ఉమ్మడి పాఠశాలను నెలకొల్పింది. అమెరికాలో బడి నిధులు చాలావరకు స్థానిక ఆస్తిపన్నుపై ఆధారపడతాయి. పేద పిల్లల బడులకు 1965 చట్టం సమాఖ్య నిధులు చేర్చినా, ఆ మూలం మారలేదు. మొదటిది చీలికను తొలగించింది. రెండవది చీలికకు పరిహారం చెల్లించింది. భారతదేశపు 25 శాతం నిబంధన రెండవ దారికే దగ్గర.

5. ముగింపు:
జ్యోతినగర్‌లో విద్యాన్యాయాన్ని ఉత్తీర్ణతా శాతంతో కాక, కాంట్రాక్టు కార్మికుని బిడ్డకు ఇంటి పొరుగున ఏ బడి తలుపు తెరుచుకుంటుందన్న ప్రశ్నతో కొలవాలి. పబ్లిక్ రంగ సంస్థల బడులను పొరుగుబడులుగా మార్చడం ఆ దిశలో మొదటి మెట్టు.